మూడు వందల పడకల గ్రంథాలయం

జాతీయ నర్సింగ్ పరిశోధనా గ్రంథ భాండాగారం మా ఊరికి ఎలా వచ్చిందని అందరూ అడుగుతారు. రెండు మహానగరాలు మాకంటే మాకని కొట్టుకున్నాయి. ఎవరికిచ్చినా రెండోవాళ్ళు అలుగుతారని, అసలు అడగనే అడగని మా ఊరికి ఇచ్చేశారు. పెద్దాసుపత్రికి ఎదురుగా, రోడ్డవతల, ఒకప్పటి క్షయ వార్డు పాడుబడి ఉండేది. దానికి సున్నం కొట్టి, బోర్డు తగిలించి, తాళంచెవి నా చేతికిచ్చారు.

నా పేరు కామేశం. అంతకుముందు జిల్లా గ్రంథాలయంలో, వారపత్రిక ముఖం మీద కప్పుకుని నిద్రపోయే పెద్దమనుషుల్ని సాయంత్రం తలుపులు వేసే వేళకు లేపే ఉద్యోగం చేశాను. ఇక్కడ గ్రంథపాలకుణ్ణి. దేశంలో నర్సులు చేసిన ప్రతి పరిశోధనా ఇక్కడికి చేరాలి, చెడిపోకుండా ఉండాలి, అడిగినవాళ్ళకు దొరకాలి. ఆశయం నిజంగా గొప్పది. గ్రంథాలు బస్తాల్లో వచ్చేవి. కొండల్లో కాన్పుకు ఎంత దూరం నడుస్తారో ఒకావిడ రాసింది. పసిపిల్లకు సూది వేసేటప్పుడు జోలపాట పాడితే ఏడుపు ఎంత తగ్గుతుందో అస్సాం నర్సు ఒకామె పాట పాడి మరీ కొలిచింది. అట్టలు తుడుస్తూ చదువుకునేవాణ్ణి. ఒక్కోసారి కళ్ళు కూడా తుడుచుకోవాల్సి వచ్చేది.

మా మహానిర్దేశకులు శ్రీ గంటి వైకుంఠేశ్వరరావు గారు. అంతకుముందు మత్స్యశాఖ, దానికి ముందు చేనేత. ఏ శాఖకు వెళ్ళినా ఆ శాఖ ఆయన్ని ఏమీ చేయలేకపోయింది.

అంతా సవ్యంగా సాగుతుండగా పర్యవేక్షక సంఘం తనిఖీకి వచ్చింది. మేము వైద్యశాఖ కింద ఉన్నాం కదా, వచ్చినవాళ్ళు ఆసుపత్రులను తనిఖీ చేసే సంఘం వాళ్ళు. వాళ్ళకు వేరే తనిఖీ రాదు. అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుని మొదటి ప్రశ్న వేశారు.

"పడకలెన్ని?"

"పడకలు లేవండీ, అలమరాలున్నాయి," అన్నాను.

"నేనడిగింది పడకలు."

మహానిర్దేశకులు గొంతు సవరించుకున్నారు. "మేడమ్, ఇది ప్రధానంగా గ్రంథాలయ స్వభావం గల సంస్థ అగుటచేత..."

"వైద్యశాఖ పరిధిలోని సంస్థకు పడకలుండి తీరాలి," అన్నారావిడ. "పడకలు లేనిచో సంస్థను రద్దుపరచి, అందలి సామగ్రిని తూకానికి అమ్మివేయుటకు సిఫారసు చేయవలసి వస్తుంది."

అస్సాం జోలపాటలో పకోడీలు కట్టే దృశ్యం కళ్ళముందు ఆడింది. కానీ మత్స్యశాఖలో పనిచేసిన మనిషి అంత తేలిగ్గా దొరుకుతాడా?

"మూడు వందలు!" అన్నారు మహానిర్దేశకులు. "ఒక్కొక్క అర ఒక్కొక్క పడక. అన్నీ నిండి ఉన్నవి."

అధ్యక్షురాలు అలమరాల వంక చూసి తల పంకించారు. "మరి ఇంతమందికి నర్సులేరి? దుప్పట్లేవి? రోగుల ఉష్ణోగ్రత ఎవరు చూస్తున్నారు? మళ్ళీ వస్తాం. అప్పటికి ప్రమాణాలన్నీ పాటించి ఉండాలి. ముఖ్యంగా మరణాల సంఖ్య చూస్తాం."

ఆ రోజు ఆయన సంస్థను కాపాడారు, కాదనను. ఆ మర్నాటి నుంచి ఆయన బారి నుంచి సంస్థను కాపాడటానికి మనిషి లేకపోయాడు.

ముందు పరుపులు వచ్చాయి. ప్రతి అరకూ కొలతలు తీసి కుట్టించిన చిన్న పరుపు, ఆకుపచ్చ దుప్పటి. ప్రతి గ్రంథానికీ పేరు, వయసు, చేరిన తేదీ రాసిన అట్ట వేలాడదీశాం. కొత్తగా తపాలాలో వచ్చిన గ్రంథాన్ని నేరుగా లోపలికి తీసుకోకూడదు, ముందు ఓపీ చీటీ రాయించాలి. పోస్ట్‌మాన్ పార్సిల్ చంకలో పెట్టుకుని వరుసలో నిలబడేవాడు. వరుసలో అతనొక్కడే అయినా టోకెన్ నంబరు పిలిచేదాకా కదలనిచ్చేవారు కాదు.

పొద్దున్నే మహానిర్దేశకులు రౌండ్లకు వచ్చేవారు. మెడలో స్టెతస్కోపు వేసుకోలేదు. ఆ మర్యాద మాత్రం పాటించారు. ఒక్కో పడక దగ్గర ఆగి "ఎలా ఉంది?" అనేవారు. నేను "బాగానే ఉందండి" అనేవాణ్ణి. "రాత్రి నిద్ర పట్టిందా?" అని ఒకసారి అడిగారు. ఆయన అడిగింది నన్నో గ్రంథాన్నో తెలియక, పట్టిందనే చెప్పాను.

పాఠకులు కూడా మారక తప్పలేదు. కర్నూలు నుంచి ఎమ్మెస్సీ నర్సింగ్ చదివే అమ్మాయి ఒక గ్రంథం కోసం వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. "ఇజిటింగు అవర్సు సాయంత్రమమ్మా. అయినా ఆసుపత్రికి ఒట్టి చేతుల్తో వత్తారా ఎవరన్నా?" అన్నాడు. పాపం ఆ పిల్ల బ్రెడ్డు పాకెట్టు, బత్తాయిలు కొనుక్కుని సాయంత్రం వచ్చింది. గ్రంథం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాం. తెరవడానికి మాత్రం లేదు. గ్రంథాన్ని తెరవడం శస్త్రచికిత్సతో సమానమని, రక్తసంబంధీకుల, అనగా రచయితల, అంగీకారం కావాలని అప్పటికే ఉత్తర్వు వచ్చేసింది. ఆ అమ్మాయి గంటసేపు అట్ట వంక చూసి, "తొందరగా నయమవ్వాల సార్" అని చెప్పి బస్సెక్కింది. బత్తాయిలు నేనూ వాచ్‌మనూ తిన్నాం.

ఇంతవరకు జరిగినదాంతో ఎవరికీ నష్టం లేదు. నర్సుల సంగతి దగ్గరే వచ్చింది తంటా. మాకు నర్సుల పోస్టులు మంజూరు కాలేదు. అందుకని మహానిర్దేశకులు రోడ్డవతలి పెద్దాసుపత్రికి లేఖ రాశారు. "జాతీయ ప్రాధాన్యత దృష్ట్యా తమ సిబ్బందిని తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు మా సంస్థకు డిప్యుటేషన్‌పై పంపవలసినది" అని. ఆసుపత్రి పెద్దాయన సంతకం పెట్టేశారు. చదివి సంతకం పెట్టడం ఆయన ఇంటా వంటా లేదు. మర్నాడు ఎముకల వార్డు నుంచి నర్సులు బిలబిలమంటూ రోడ్డు దాటి వచ్చారు.

వచ్చిన పిల్లలకు పని చూపించాలి కదా. ఆ సమయంలోనే మహానిర్దేశకులు జీవితంలో మొదటిసారి ఒక గ్రంథం పేరు పూర్తిగా చదివారు. "మంచం పట్టిన రోగులలో పడక పుండ్ల నివారణ: రెండు గంటలకొకసారి పక్క మార్చుటవలన కలుగు ప్రయోజనములు." ఆయన నిర్ఘాంతపోయారు.

"కామేశంగారూ! మన గ్రంథాలు ఎన్నాళ్ళుగా ఒకే పక్క పడుకుని ఉన్నవి?"

"వచ్చినప్పట్నుంచీనండి."

"ఎంత ఘోరం! పరిశోధన మన చేతిలోనే ఉండగా, దానిని అమలుపరచకుండుట క్షమార్హం కాదు. ఇందుమూలంగా, రెండు గంటలకొకసారి ప్రతి గ్రంథమును పక్క మార్చవలసినది."

అలా మన దేశంలో ఒక నర్సింగ్ పరిశోధన పూర్తిగా అమలైంది. గంట కొట్టగానే నర్సులు మూడు వందల గ్రంథాలను ఎడమవైపు నుంచి కుడివైపుకు తిప్పేవారు. మళ్ళీ గంట కొడితే కుడి నుంచి ఎడమకు. అట్టలకు పౌడరు కూడా అద్దేవారు. అంత శ్రద్ధగా ఏ మనిషికీ జరిగి ఉండదు.

నాలుగైదు రోజులయ్యాక ఒక మధ్యాహ్నం తలుపు ధడాలున తెరుచుకుంది. తెల్లచీర, భుజాన ఎర్రటి సంచీ, ముక్కు మీద కోపం. ఎముకల వార్డు హెడ్డు నర్సు ఎస్తేరమ్మ గారు. ఇందాకటి పడక పుండ్ల గ్రంథం రాసింది కూడా ఆవిడే.

"నా పిల్లలేరండీ?" అంది.

నేను లేచి నిలబడ్డాను. "కూర్చోండి సిస్టర్."

"కూర్చోడానికి టైమెక్కడిది నాకు? వార్డంతా నేనూ, ఇంకో కుర్రదీ. ఇద్దరం ఎవరికని చేస్తాం? ఇక్కడేమో..." అంటూ చుట్టూ చూసింది. అప్పుడే గంట కొట్టింది. హేమసుధ అనే నర్సు తలొంచుకుని ఒక గ్రంథాన్ని రెండు చేతుల్తో సుతారంగా ఎత్తి, పక్క మార్చి, దుప్పటి కప్పింది. అది ఎస్తేరు సిస్టర్ రాసిన గ్రంథమే.

ఆవిడ నా వైపు తిరిగి, "కామేశంగారూ, మీరొకసారి నాతో రండి," అంది.

వెళ్ళాను. ఎముకల వార్డులో కిటికీ పక్క మంచం మీద గుబ్బల సింహాద్రి ఉన్నాడు. తాడిచెట్టు గీసే మనిషి. చెట్టు మీంచి పడి నడుం పూస దెబ్బతింది. కాళ్ళు ఆడటం లేదు. రాజధాని నుంచి పెద్ద డాక్టరొకాయన ఈ నెలాఖరుకు వచ్చి ఆపరేషన్ చేస్తానన్నాడట. ఒకటే షరతు పెట్టాడట. వీపు మీద చర్మం చెక్కుచెదరకూడదు. పుండు పడితే కత్తి పెట్టనని తెగేసి చెప్పాడు.

సిస్టర్ అతన్ని నెమ్మదిగా వొత్తిగిలించి చూపించింది. నడుం కింద చర్మం అప్పుడే ఎర్రగా కందిపోయి ఉంది.

"ఇంకో వారం ఇలాగే పడుకుంటే పగుల్తుంది," అంది. "పగిలిందా, ఇంక ఈ మనిషి లేవడు. ఇద్దరం మనుషులం ఉంటేగానీ తిప్పలేం ఇతన్ని. ఎన్నిసార్లని తిప్పుతాం?"

సింహాద్రి నా వంక చూసి నవ్వాడు. "ఆయ్, తవరు పుస్తకాలాసుపత్రి వోరాండి? అక్కడ రెండు గంటలకోపాలి తిప్పుతారంటగదండి పుస్తకాల్ని. నాకూ ఓ అట్ట ఏసి, అక్కడ సేర్పించీరాదేటండి?"

వార్డులో వాళ్ళంతా గొల్లున నవ్వారు. నాకు మాత్రం సిగ్గుతో చచ్చినంత పనైంది. గబగబా వచ్చి మహానిర్దేశకుల ముందు నిలబడి, నర్సుల్ని వెనక్కి పంపేద్దామండీ అన్నాను. ఆయన ఎంతో దయగా విన్నారు.

"మీ మానవతా దృక్పథం ప్రశంసనీయం. కానీ ఆ రోగి ఒక వ్యక్తి. మన రోగులు జాతీయ సంపద. పైగా తనిఖీ సమీపించుచున్నది. అభ్యర్థనను పరిశీలించి తిరస్కరించడమైనది," అన్నారు.

ఎంత తల బద్దలు కొట్టుకున్నా నాకు దారి కనబడలేదు. అంతలో వానలు మొదలయ్యాయి. పాత గోడ చెమ్మగిల్లి, అలమరాల వెనక నుంచి చెదలు లేచాయి. చూసి నేను గుండెలు బాదుకున్నాను. దెబ్బతిన్న గ్రంథాలను మహానిర్దేశకులు ఒక గదిలోకి మార్పించి, దానికి ఐసీయూ అని పేరు పెట్టారు. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలి. ఎండలో పెట్టి, చెదలు దులిపి, మందు కొడదామండీ అని నేను మొత్తుకుంటే, రోగులను ఎండలో ఎలా పడేస్తామన్నారు. బయట బోర్డు మీద రోజూ బులెటిన్ రాసేవారు: "పరిస్థితి విషమంగానే ఉన్నా నిలకడగా ఉంది." చెదలు కూడా నిలకడగానే తింటున్నాయి.

తనిఖీ దగ్గరపడేసరికి ఆయనకు తలప్రాణం తోకకొచ్చింది. "కామేశంగారూ, ఒక్క మరణం సంభవించినా సంస్థ ఉండదు. ఏదైనా చేయండి," అంటూ ఐసీయూ బయట అటూ ఇటూ తిరగసాగారు. సరిగ్గా అప్పుడు ఎస్తేరు సిస్టర్ మళ్ళీ వచ్చింది. దెబ్బలాటకే వచ్చింది పాపం. కానీ గుమ్మంలో ఆయన ముఖం చూసి ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఆసుపత్రి గుమ్మాల్లో ఇలాంటి ముఖాలు చూస్తున్న మనిషి.

"ఏంటి సార్, కేసు చెయ్యి దాటిపోయిందా?" అంది.

"పరిస్థితి నిలకడగా ఉంది," అన్నారాయన నీరసంగా.

"అయితే పోయేట్టే ఉంది. మరి ఇంకా ఇక్కడెందుకుంచుకున్నారు సార్? రెఫర్ రాసెయ్యండి."

"అనగా?"

సిస్టర్ స్టూలు లాక్కుని కూర్చుంది. "చుట్టుపక్కల చిన్నాసుపత్రుల వాళ్ళు చేసేదదేగా. చేతిలో పోయేట్టుందంటే 'మెరుగైన చికిత్స నిమిత్తం పెద్దాసుపత్రికి' అని రాసి బండెక్కించేస్తారు. దార్లో పోయినా మా లెక్కే, మా దగ్గరకొచ్చి పోయినా మా లెక్కే. రాసినాయన మాత్రం కడిగిన ముత్యమే. నా సర్వీసంతా వాళ్ళు పంపినోళ్ళతోనే గడిచిపోయింది సార్."

మహానిర్దేశకుల కళ్ళు మెరిశాయి. "మెరుగైన చికిత్స నిమిత్తం! ఎంత సముచితమైన పదజాలం! ఇంతకాలం నాకెవరూ చెప్పలేదే!"

"ఒక్కటుందండోయ్," అంది సిస్టర్, సంచీ సర్దుకుంటూ, తాపీగా. "సీరియస్ కేసుని తోడు లేకుండా పంపకూడదు. కేసుకో నర్సు వెంట రావాలి. మేం చేర్చుకున్నట్టు కాగితం ఇచ్చేదాకా ఆ నర్సు కదలకూడదు. రూలండి."

"రూలైతే తప్పదు," అన్నారాయన.

నేను సిస్టర్ వంక చూశాను. ఆవిడ కిటికీలోంచి వాన చూస్తోంది.

ఆ సాయంత్రమే మొదటి స్ట్రెచర్ రోడ్డు దాటింది. స్ట్రెచర్ మీద చెదలు తిన్న గ్రంథం, దాని మీద దుప్పటి, పక్కన గొడుగు పట్టుకుని హేమసుధ. టీ కొట్టు దగ్గరివాళ్ళు లేచి నిలబడి దణ్ణం పెట్టారు. రెఫర్ రుచి మరిగాక మహానిర్దేశకులను ఆపడం ఎవరి తరమూ కాలేదు. కాగితం పచ్చబడితే కామెర్లన్నారు. అట్ట ఊడితే ఎముక విరిగిందన్నారు. ఇంకా పేజీలు కూడా విడదీయని కొత్త గ్రంథాన్ని సైతం, ముందుజాగ్రత్త చర్యగా పంపేశారు. నర్సులందరూ ఎముకల వార్డుకు చేరిపోయారు. చేర్చుకున్నట్టు కాగితాలేవని నేను అడగడానికి వెళ్తే, "పరీక్షలింకా అవుతున్నాయి కామేశంగారూ, తొందరేముంది?" అనేది ఎస్తేరు సిస్టర్.

వార్డులో సింహాద్రికి పక్క మార్చడానికి ఇప్పుడు చేతులకు కొదవలేదు. గ్రంథాలను వరండాలో ఎండ తగిలినప్పుడల్లా నేను ఆరబెట్టి, చెదలు దులిపి, మందు కొట్టి, వేపాకు, కలరా ఉండలు పెట్టి సర్దాను. సర్దిన బీరువాలు నర్సుల బల్ల పక్కనే. తీరిక దొరికినప్పుడు ఎవరో ఒకరు తీసి చదివేవారు. ఒకరోజు హేమసుధ, సిస్టర్ రాసిన గ్రంథం చేతబట్టుకుని వచ్చింది.

"సిస్టర్, ఇక్కడ మీరు సన్నటి మనుషులకి గంటన్నరే అని రాశారు. మనం సింహాద్రికి రెండు గంటలు చేస్తున్నాం."

సిస్టర్ గ్రంథం లాక్కుని చూసింది. "నేనే రాశానా? రాసే ఉంటాన్లే. ఎన్నేళ్ళయిందో! సరే, గంటన్నరకి మార్చండి," అంది.

వార్డులో ఎవరి చేతికో ఉన్న టింక్చరు మరక ఆ పేజీ అంచున అంటుకుంది. గ్రంథపాలకుడిగా నేను మందలించాలి. మందలించలేదు. ఆ గ్రంథం ఏ పని కోసం రాశారో ఆ పనికి అంత దగ్గరగా వెళ్ళడం అదే మొదటిసారి.

కందిన చర్మం నెమ్మదిగా మామూలు రంగుకొచ్చింది. పెద్ద డాక్టరు వచ్చి, సింహాద్రి వీపంతా తడిమి చూసి, "ఎవరమ్మా చూసింది?" అని అడిగి, ఆపరేషన్ చేసి వెళ్ళాడు.

ఇక తనిఖీ. అధ్యక్షురాలు వచ్చేసరికి మూడు వందల పడకలూ ఖాళీ. ఉతికిన దుప్పట్లు, నిశ్శబ్దం.

"రోగులేరి?" అన్నారావిడ.

"మరణాలు సున్నా, మేడమ్," అన్నారు మహానిర్దేశకులు.

ఆవిడ అలమరాల మధ్య నడిచి చూసి, చాలాసేపు ఆలోచించారు. "ఇన్నేళ్ళుగా తనిఖీలు చేస్తున్నాను. ఇంత శుభ్రమైన ఆసుపత్రిని చూడలేదు. ఒక్క రోగి లేడు, ఒక్క ఫిర్యాదు లేదు. దేశానికే ఆదర్శం! పడకలను ఆరు వందలకు పెంచుటకు సిఫారసు చేస్తున్నాం," అన్నారు. ఆ ఆనందంలోనే మహానిర్దేశకులు పదోన్నతి మీద గనుల శాఖకు వెళ్ళిపోయారు. గనులు ఏమవుతాయో చూడాలి. మా సంస్థకు కొత్తవారు ఇంకా రాలేదు. ఎవరూ అడగలేదు గనుక జాతీయ భాండాగారం ఎముకల వార్డు వరండాలోనే ఉంది. నా బల్ల కూడా అక్కడికే తెచ్చుకున్నాను. కర్నూలు అమ్మాయికి ఉత్తరం రాస్తే వచ్చి, కావలసినవన్నీ చదువుకుని, రాసుకుని వెళ్ళింది.

మొన్న మధ్యాహ్నం నేను కేటలాగు చీటీలు రాస్తున్నాను. సింహాద్రికి పక్క మార్చే వేళయిందని హేమసుధ, ఇంకో నర్సూ చేతులు కడుక్కుని బయలుదేరారు. మంచం దగ్గరకెళ్ళి ఇద్దరూ కొయ్యబారిపోయారు. సింహాద్రి మంచం కమ్మీ పట్టుకుని, పళ్ళు బిగించి, ఎడమ పక్కకు తిరిగి ఉన్నాడు. కుడికాలు కూడా ఇంత జరిగి వచ్చింది. ఒళ్ళంతా చెమట.

"సిస్టర్!" అని కేకేశారు ఇద్దరూ. ఎస్తేరు సిస్టర్ పరుగున వచ్చింది, వెనకే నేను. ఆవిడ ఆ కాలు వంక చూసింది, మనిషి వంక చూసింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. అది కనబడకుండా ఇంతెత్తున లేచింది.

"ఎవరు తిరగమన్నారయ్యా నిన్ను? ఎవర్నడిగి తిరిగావు?"

"ఎవర్నడగాలండి?" అన్నాడు సింహాద్రి, ఆయాసపడుతూనే నవ్వుతూ. "నా ఒళ్ళే గదండి."